డ్యాం అత్యవసర ప్రణాళిక నిజంగా పనికొస్తుందా? పరిశీలించడం ఎలా

1976 జూన్ 5, శనివారం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కొత్తగా కట్టిన టీటన్ డ్యాంను మొదటిసారి నింపుతున్నారు. పొద్దున ఏడు దాటాక కట్ట దిగువన బురద నీరు ఊరడం సిబ్బంది కంటపడింది. ఆ తర్వాత కట్ట ముఖం మీదే బుంగ పడింది. దాన్ని పూడ్చడానికి దిగిన రెండు బుల్డోజర్లను ఆ బుంగే మింగేసింది. దిగువన ఉన్న కౌంటీల (మన జిల్లాల లాంటివి) షెరీఫ్‌లకు, అంటే అక్కడి పోలీసు అధికారులకు, 10:43కి కబురు వెళ్లింది. 11:57కి కట్ట తెగింది. మొదటి గుర్తు కనిపించాక నాలుగు గంటలకు పైగా సమయం ఉన్నా, కింద ఉన్న జనానికి అందులో దక్కింది గంటా పద్నాలుగు నిమిషాలే. 11 మంది చనిపోయారు. పట్టపగలు జరగబట్టి వేలమంది బయటపడగలిగారు.

డ్యాంకు ప్రమాదం వస్తే ఎవరు ఎప్పుడు ఏం చేయాలో రాసిపెట్టిన కాగితమే అత్యవసర కార్యాచరణ ప్రణాళిక. దాన్ని పరిశీలించేటప్పుడు మీరు చూడాల్సింది ఈ గడియారాన్నే. మీరు ఇంజనీరు కావచ్చు, విపత్తు నిర్వహణలో ఉద్యోగి కావచ్చు, దిగువ ఊళ్లో బాధ్యత గల మనిషి కావచ్చు. మీ ముందున్న ప్రశ్న ఒకటే: ముంపులో అందరికంటే ఇబ్బందికరమైన చోట ఉన్న ఇంటికి నీళ్లు చేరేలోపు, ఆ ఇంట్లోని చివరి మనిషి మెరక మీదికి చేరగలడా? ప్రణాళికలో అధ్యాయాలన్నీ ఉన్నాయా, సంతకాలున్నాయా అని టిక్కులు పెట్టుకుంటూ పోతే ఈ ప్రశ్న ఎక్కడా ఎదురుకాదు. అందుకే కాగితాన్ని చివరి ఇంటి నుంచి వెనక్కి చదవమంటాను.

1. ముందు డ్యాంను తెలుసుకోండి

ప్రణాళిక తెరవకముందే డ్యాం ఏ రకమో, ఏ దారిలో దెబ్బతినే అవకాశం ఉందో తెలుసుకోండి. ఇటీవలి తనిఖీ నివేదిక అడిగి తీసుకోండి. మట్టికట్టకు ప్రధానంగా రెండు గండాలు: నీరు పైనుంచి పొర్లి కోసేయడం, లోపలి నుంచి ఊట మట్టిని మోసుకుపోవడం. ఈ రెండూ సాధారణంగా కొంత వ్యవధి ఇస్తాయి. విల్లులా వంచి కట్టిన కాంక్రీటు ఆర్చి డ్యాం అలా కాదు. ఫ్రాన్స్‌లోని మాల్‌పాసె డ్యాం 1959 డిసెంబర్ 2 రాత్రి తొమ్మిది దాటాక పునాది రాయి జారిపోయి ఒక్కసారిగా కూలింది. 423 మంది చనిపోయారు. అలాంటి డ్యాంకు 'గండి పడటం మొదలయ్యాక హెచ్చరిద్దాం' అన్న ప్రణాళిక అక్కరకు రాదు. అంతకుముందు గుర్తుల మీదే కదలాలి.

తనిఖీ నివేదికలో రాసిన బలహీనతలు ప్రణాళికలో కనిపిస్తున్నాయా చూడండి. నివేదికలో ఎడమ వైపు ఊట గురించి రెండు పేజీలు రాసి ఉండి, ప్రణాళికలో ఆ మాటే లేకపోతే, అది ఈ డ్యాం కోసం ఆలోచించి రాసింది కాదు. వేరే డ్యాం పేరు అక్కడక్కడా మిగిలిపోయిన పేజీలు కూడా ఉంటాయి. వెతకండి.

డ్యాం కూలకపోయినా ప్రమాదం రావచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. కట్టకు ఏమీ కాలేదు, కానీ నదిలోకి అనుకోని వరద వెళ్లింది. ఒక్కచోటే ఒత్తిడి పడకుండా మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. గేటు పోవడం, గేటు తెరుచుకోకపోవడం, స్పిల్‌వే (అదనపు నీరు బయటికి పోయే దారి) దెబ్బతినడం, హఠాత్తుగా ఎక్కువ నీరు వదలాల్సి రావడం: వీటిలో ప్రతిదానికీ ప్రణాళికలో చోటుండాలి.

ఎగువన ఇంకో జలాశయం ఉంటే దాని సంగతీ చూడండి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోవడానికి ముందు ఎగువన పించ ప్రాజెక్టు రింగ్ బండ్ (చుట్టుకట్ట) తెగింది. 2020 మే 19న అమెరికాలోని మిచిగన్‌లో ఈడెన్‌విల్ డ్యాం తెగితే, ఆ నీటికి దిగువనున్న శాన్‌ఫర్డ్ డ్యాం కూడా పోయింది. పైడ్యాం నుంచి కిందిడ్యాంకు కబురు నేరుగా వెళ్లే ఏర్పాటు ఉందా, లేక పైఅధికారుల దగ్గరికి ఎక్కి దిగి రావాలా?

2. ముంపు మ్యాపును చేత్తో పట్టుకుని నడవండి

కట్ట తెగితే నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపించే ఈ మ్యాపులో కనీసం రెండు పరిస్థితులు వేరువేరుగా ఉండాలి. ఒకటి, వాన లేకుండా జలాశయం నిండుగా ఉన్నప్పుడు కట్ట తెగడం. రెండోది, భారీ వరదలో తెగడం. మొదటిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ జనం ఏమాత్రం ఊహించనిది అదే. వానలో కాస్తో కూస్తో అందరూ మెలకువగా ఉంటారు.

ముంపు హద్దు గీత ఒక్కటే సరిపోదు. ప్రతి ఊరికీ, ముఖ్యమైన ప్రతి వంతెనకూ నాలుగు సంగతులు తెలియాలి: మొదటి నీరు ఎప్పుడు చేరుతుంది, గరిష్ఠ మట్టం ఎప్పుడు, ఎంత లోతు, ఎంత వేగం. తర్వాత ఒక మెలిక ప్రశ్న వేయండి: ఈ సమయాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టారు? గండి మొదలైనప్పటి నుంచా, పూర్తిగా తెరుచుకున్నప్పటి నుంచా? గండి పూర్తిగా పడటానికి పట్టే సమయాన్ని లెక్క కట్టేవాళ్లు ముందే అనుకుని పెడతారు. అది గంట అనుకుంటే ఒక ఫలితం, ఇరవై నిమిషాలు అనుకుంటే ఇంకో ఫలితం. డ్యాంకు దగ్గర్లో ఉన్న ఊళ్లకు ఈ తేడా ప్రాణాంతకం. కనీసం రెండు విలువలతో లెక్క చేశారా అని అడగండి. ఒక్కదానితోనే చేసి ఉంటే, తొందరగా వచ్చే అంకెతో మళ్లీ చేయించండి.

నేల ఎత్తుపల్లాల సర్వే ఏ సంవత్సరానిదో చూడండి. ఆ తర్వాత రోడ్డు కట్ట ఎత్తి ఉంటే, వాగు పక్కన కొత్త కాలనీ వెలిసి ఉంటే, నీటి దారి మారిపోయి ఉంటుంది. మ్యాపు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయిందా, నీరు నిజంగా నదీగర్భంలోకి సర్దుకునే దాకా గీశారా అన్నదీ గమనించండి.

ఇక నడక. మ్యాపులో ఐదారు చోట్లు ఎంచుకుని అక్కడికి వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లను తమ ఎరుకలో అతి పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో చూపించమనండి. కట్ట తెగితే వచ్చే వరదకు హద్దుగా గీసిన గీత వాళ్లు చూపించిన చోటు కంటే పల్లంలో ఉంటే మ్యాపులో తప్పుందన్నమాటే. మ్యాపు మీద ఉన్న పేర్లు జనం వాడే పేర్లేనా చూడండి. అర్ధరాత్రి వానలో ఆ కాగితం పట్టుకునే కానిస్టేబుల్‌కు అక్షాంశాలు అక్కరకు రావు. 'చింతల వీధి, పాత వంతెన ఇవతలి పక్క' అని ఉంటే పరుగెత్తగలడు.

3. గుర్తుపట్టేదెవరు, ప్రకటించేదెవరు?

ప్రమాద స్థాయిలకు పేర్లు, రంగులు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికా మార్గదర్శకాల్లో నాలుగున్నాయి: అధిక ప్రవాహం, కట్ట తెగే ప్రమాదం లేని సమస్య, తెగే అవకాశం, తెగడం ఖాయం. ఏ పేరు పెట్టినా, ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి ఎప్పుడు వెళ్లాలో కొలిచి చెప్పగలిగేలా రాశారా అన్నది ముఖ్యం. 'ఊట ఎక్కువైనప్పుడు' అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. 'ఊట నీరు బురదగా మారితే' అని రాస్తే కట్ట మీద కాపలా ఉన్న ఎవరైనా చూసి చెప్పగలరు. ఊట తేటగా వస్తే అది ఉత్త నీరే. బురదగా వస్తే కట్టలో మట్టి బయటికి పోతోందని అర్థం. నీటిమట్టం ఎంతకు చేరితే, గంటకు ఎంత చొప్పున పెరిగితే, ఎంత తీవ్రత గల భూకంపం ఎంత దూరంలో వస్తే ఏ స్థాయి అన్నది అంకెల్లో ఉండాలి.

రాత్రి షిఫ్టులో ఉండే లస్కర్ (కట్ట కాపలా చూసే ఉద్యోగి) దగ్గరికి వెళ్లి, పుస్తకం చూడకుండా అడగండి: 'కట్ట కింద ఇసుక పైకి ఉబుకుతూ నీరు వస్తోంది. ఏం చేస్తావు? ఎవరికి చెప్తావు?' ఆయన తడుముకుంటే తప్పు ఆయనది కాదు. ప్రణాళిక ఆయన దాకా రాలేదు, లేదా ఆయనకు అర్థమయ్యే భాషలో లేదు. దాన్ని పెద్ద లోపంగానే రాయండి.

మొదట చూసేది సిబ్బందే కానక్కర్లేదు. 1982 జులైలో అమెరికాలోని కొలరాడోలో లాన్ లేక్ డ్యాం తెగినప్పుడు అధికారులకు మొదట ఫోన్ చేసింది చెత్త తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి. కట్ట దగ్గర, దారి మొదట్లో, ఎవరైనా ఫోన్ చేయగల నంబరుతో బోర్డు ఉందా? ఆ నంబరుకు రాత్రి పూట ఎవరైనా ఎత్తుతారా?

ప్రకటించే అధికారం గురించి చదివేటప్పుడు మరీ నిదానంగా చదవండి. చాలా ప్రణాళికల్లో సమయం గుట్టుగా కారిపోయేది ఇక్కడే. 'పై అధికారి అనుమతితో' అన్న మాట కనిపించిన ప్రతిచోటా గీత గీయండి. ఆ అధికారి ఫోన్ ఎత్తకపోతే? ఎన్ని నిమిషాలు చూసి తర్వాతి మనిషి నిర్ణయం తీసుకోవచ్చు? కట్ట తెగడం కళ్లముందే జరుగుతుంటే, అక్కడున్న మనిషి ఎవరినీ అడగకుండా సైరన్ మోగించవచ్చా? మోగించవచ్చని రాతపూర్వకంగా లేకపోతే మోగించరు. తప్పు హెచ్చరిక ఇస్తే ఉద్యోగం పోతుందన్న భయం మామూలు మనుషులకు ఉండేదే. నిజాయితీతో ఇచ్చిన హెచ్చరికకు శిక్ష ఉండదని ప్రణాళికలోనే రాయించండి.

4. నంబర్లన్నిటికీ ఫోన్ చేయండి

సంబంధిత అధికారికి ముందే చెప్పి, 'ఇది పరీక్ష మాత్రమే' అన్న మాటతో మొదలుపెట్టి, జాబితాలోని ప్రతి నంబరుకూ మీరే ఫోన్ చేయండి. ఆఫీసు వేళలో ఒకసారి, రాత్రి పదకొండు తర్వాత ఒకసారి. ఎన్ని కలిశాయి, ఎన్ని పనిచేయడం లేదు, ఎంతమంది 'నేను అక్కడి నుంచి బదిలీ అయ్యాను' అన్నారు: లెక్క రాసుకోండి. పరిశీలన మొత్తంలో అతి చవకైన పని ఇది. బయటపెట్టే నిజాలు మాత్రం ఎక్కువ.

ప్రతి బాధ్యతకూ ప్రత్యామ్నాయంగా ఇంకో మనిషి ఉండాలి. ఒక్క మనిషి నెత్తిన పది కాల్స్ పెట్టి ఉంటే పదో వ్యక్తికి కబురు చేరేసరికి ఎంతసేపవుతుందో లెక్కవేయండి. చెప్పాల్సిన మాటలు ముందే రాసి ఉండాలి, ఖాళీల్లో సమయం, స్థాయి నింపితే చాలన్నట్టు.

తర్వాత ఫోన్లన్నీ పోయాయనుకోండి. ఇది మితిమీరిన ఊహేం కాదు. 1975 ఆగస్టులో చైనాలో బాంచియావ్ డ్యాం తెగినప్పుడు తుపానుకు ఫోన్ తీగలు తెగిపోయాయి. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 డ్యాం మీదుగా నీరు పొర్లి కట్ట కొట్టుకుపోయినప్పుడు, కొన్ని కిలోమీటర్ల దూరంలోని మోర్బీ పట్టణాన్ని నిమిషాల్లోనే వరద ముంచేసింది. ఎంతమంది చనిపోయారో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు, అంచనాలు వేలల్లో ఉన్నాయి. కాబట్టి వైర్‌లెస్ సెట్లు ఉన్నాయని రాస్తే బయటికి తీయించి మాట్లాడించండి. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూడండి. సెల్ టవర్లు, సైరన్ స్తంభాలు, కంట్రోల్ రూం, వీటిని ముంపు మ్యాపు మీద గుర్తు పెట్టండి. సైరన్ మీట ఉన్న గదే ముందు మునిగేదైతే ఆ సైరన్‌ను లెక్కలోంచి తీసేయండి.

జనానికి వెళ్లే మాట ఒకే నోటి నుంచి రావాలి. 2023 సెప్టెంబర్‌లో లిబియాలోని డెర్నా నగరం ఎగువన రెండు డ్యాంలు రాత్రి వేళ తెగాయి. ఖాళీ చేయమని కొందరు, ఇళ్లలోనే ఉండమని కొందరు చెప్పారని బతికి బయటపడినవాళ్లు అన్నారు. అక్కడ వేలమంది చనిపోయారు. మీ ప్రణాళికలో ప్రజలకు ఆదేశమిచ్చేది ఎవరో ఒక్క వాక్యంలో దొరుకుతోందా?

5. గడియారం లెక్క

ఇప్పటిదాకా సేకరించినదంతా ఇందుకే. ఒక కాగితం తీసుకుని, అత్యంత ఇబ్బందికరమైన ఊరికి ఈ లెక్క వేయండి. ఉదాహరణకు, వానలేని రోజు అర్ధరాత్రి గండి మొదలైతే 95 నిమిషాల్లో ఆ ఊరికి నీరు చేరుతుందని మ్యాపు చెబుతోందనుకుందాం.

కాపలా మనిషి గమనించి చెప్పడానికి 25 నిమిషాలు. ఇంజనీరు వచ్చి చూసి స్థాయి ప్రకటించడానికి 30. ఫోన్ గొలుసు ఊరి దాకా చేరడానికి 20. ఊళ్లో ఇంటింటికీ చెప్పడానికి 30. జనం నమ్మి, పిల్లల్ని లేపుకుని, ఇల్లు దాటడానికి 15. మెరక దాకా నడవడానికి 25. మొత్తం 145. ఉన్నది 95. యాభై నిమిషాల లోటు.

ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ అంకెలు మీరే కొలవాలి. ఫోన్ గొలుసు సమయం మీ పరీక్షలో తేలింది. నడక సమయం కావాలంటే ఒక ముసలాయన నడిచే వేగంతో మీరే నడిచి చూడండి. నమ్మడానికి పట్టే సమయాన్ని మాత్రం ఎప్పుడూ సున్నా అని వేయకండి. హెచ్చరిక విన్న వెంటనే ఎవరూ కదలరు. పక్కింటి వాళ్లను అడుగుతారు, బయటికి వచ్చి నది వైపు చూస్తారు, బంధువులకు ఫోన్ చేస్తారు. మనుషులు ఇలాగే ఉంటారు, ప్రణాళిక దీన్ని ఒప్పుకుని రాయాలి.

లోటు తేలితే ఎక్కడ కోయాలో కూడా ఈ కాగితమే చూపిస్తుంది. ఇంజనీరు వచ్చి చూడాలన్న షరతు తీసేసి, బురద ఊట కనిపించగానే ఒక స్థాయి ప్రకటించేలా మారిస్తే 30 నిమిషాలు మిగులుతాయి. డ్యాం నుంచే ఊరికి నేరుగా సైరన్ పెడితే గొలుసులో 20, ఇంటింటి కబురులో మరికొన్ని మిగులుతాయి. అన్నీ చేసినా లోటు పూడకపోతే, అలాంటి ఊరిని కట్ట తెగే దాకా ఆగకుండా ముందు స్థాయిలోనే ఖాళీ చేయించాలని రాయాలి. ఈడెన్‌విల్ డ్యాం తెగిన రోజు దాదాపు పదివేల మందిని తరలించారు, ఎవరూ చనిపోలేదు.

6. దారులు, మెరకలు

తరలించే దారిని ముంపు మ్యాపు మీద పెట్టి చూస్తే సగం ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది. మెరకకు వెళ్లే ఏకైక రోడ్డు ముందుగా మునిగే వంతెన మీదుగా పోతుంటే అది దారి కాదు. పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడేయగలదు, 30 సెంటీమీటర్లు చిన్న కారును తేల్చగలదు, 60 సెంటీమీటర్లకు చాలా వాహనాలు కొట్టుకుపోతాయి.

2017 ఫిబ్రవరి 12న కాలిఫోర్నియాలోని ఓరోవిల్ డ్యాం అత్యవసర స్పిల్‌వే కింద నేల కోసుకుపోతుంటే, సుమారు 1,88,000 మందిని ఖాళీ చేయమన్నారు. డ్యాం నిలబడింది. కానీ రోడ్ల మీద వాహనాలు గంటలకొద్దీ నిలిచిపోయాయి. అందరూ బండ్ల మీద పోతారని రాసిన ప్రణాళిక చూస్తే, దగ్గర్లోని మెరకకు నడిచి చేరే దారులు కూడా చూపించమని అడగండి.

ఆస్పత్రి, హాస్టల్, బడి, జైలు, ఒంటరి వృద్ధులు, మంచాన పడ్డవాళ్లు, నది ఒడ్డున గుడారాలు వేసుకున్న వలస కూలీలు: ప్రతి వర్గానికీ వాహనం ఎవరిది, డ్రైవర్ ఎవరు అన్నది పేరుతో సహా ఉండాలి. 'తగిన ఏర్పాట్లు చేయబడును' అన్న వాక్యానికి సున్నా మార్కులు వేయండి. పశువుల్ని వదిలి రానివాళ్ల కోసం ఏం ఆలోచించారో చూడండి. ప్రమాదం తప్పిందని ఎవరు ప్రకటిస్తారో కూడా ఉండాలి. లేకపోతే జనం వస్తువుల కోసం మధ్యలోనే వెనక్కి వెళ్తారు.

7. అభ్యాసం చేయించండి

బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి ఒక కథ చెప్పండి. రాత్రి రెండు గంటలు, వాన, కరెంటు లేదు, జలాశయం నిండుగా ఉంది, కట్ట దిగువన బురద నీరు. ప్రతి పది నిమిషాలకూ ఒక చిక్కు విసరండి: ప్రధాన ఇంజనీరు ఫోన్ కలవలేదు, వంతెన మీద లారీ అడ్డం పడింది, సామాజిక మాధ్యమాల్లో డ్యాం తెగిపోయిందని పుకారు. ఎవరు ఏ పేజీ తెరుస్తారో గమనించండి. పేజీ వెతుక్కునే సమయం కూడా గడియారం లెక్కలో భాగమే. తర్వాత సైరన్, ఫోన్ గొలుసు విడిగా పరీక్షించి, వీలైతే ఒక ఊరితో పూర్తి అభ్యాసం చేయించండి. ఒక్క లోపమూ తేలలేదని నివేదిక వస్తే ఆ అభ్యాసాన్ని నమ్మకండి, మళ్లీ చేయించండి.

8. రాసిపెట్టడం, చివరి ఇల్లు

మీ నివేదికలో ప్రతి లోపం పక్కన సరిదిద్దాల్సిన మనిషి హోదా, తేదీ ఉండాలి. ఫోన్ నంబర్ల లాంటివి అదే రోజు మార్పించండి. మ్యాపు మళ్లీ లెక్కించడానికి నెలలు పడితే, ఆలోపు ఏ ఊళ్లకు ముందే హెచ్చరిక వెళ్లాలో తాత్కాలిక ఆదేశం రాయించండి. ప్రణాళిక కాపీలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో జాబితా చూసి, పాతవి వెనక్కి తెప్పించండి. కనీసం ఏడాదికోసారి, వర్షాకాలానికి ముందే మొత్తం తిరగచూడాలి.

సంతకం పెట్టే ముందు, గడియారం లెక్కలో మీరు ఎంచుకున్న ఆ చివరి ఇంటికి వెళ్లండి. ఇంట్లో ఎవరుంటే వాళ్లను మూడు మాటలు అడగండి: 'అమ్మా, సైరన్ మోగితే దేనికని అనుకుంటారు? ఎటు వెళ్తారు? నడవలేనివాళ్లు ఇంట్లో ఉంటే ఎవరు మోస్తారు?' వాళ్లు చెప్పిన జవాబును వాళ్ల మాటల్లోనే మీ నివేదిక మొదటి పేజీలో రాయండి.